మూతికి చిక్కం కట్టే సలహాలు

మా నాన్న మొక్కజొన్న చేలో గుంటక తోలేటప్పుడు ఎద్దుల మూతులకు తాటి నారతో అల్లిన చిక్కాలు కట్టేవాడు. సాళ్లలో నడుస్తూ మొక్కలు కొరక్కుండా ఉండాలి కదా. అవే ఎద్దులను వరి నూర్పిళ్లప్పుడు కళ్లంలో బంతి కట్టి తిప్పేటప్పుడు మాత్రం చిక్కాలు తీసి పక్కన పెట్టేవాడు. తొక్కుతున్న వరిలోంచి అవి ఒక్కో నోరు అందుకుంటూ తిరిగేవి. కష్టం చేస్తున్న నోటిని కట్టేయడం పాపం అనేవాడు. ఆయనకు చదువు రాదు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో మోషే ఇదే ఆజ్ఞ ఇచ్చాడని ఆయనకు తెలియదు. ఆ చిన్న ఆజ్ఞను పౌలు కొరింథీయులకు ఒకసారి, తిమోతికి ఒకసారి గుర్తు చేసి, సంఘకాపరి పోషణకు దాన్ని ఆధారంగా చూపించాడని చాలా ఏళ్లు నాకూ తెలియదు.

మా సంఘానికి 19 ఏళ్లు ట్రెజరర్‌గా ఉన్నాను. అయ్యగారి జీతం మాట వచ్చిన ప్రతి కమిటీ మీటింగులోనూ ఎవరో ఒకరు ఏదో ఒక సలహా చెప్పేవారు. చెడ్డ మనసుతో చెప్పినవాళ్లు తక్కువ. చాలామంది బైబిలు చేతిలో పట్టుకునే చెప్పారు. కొన్ని నేనే చెప్పాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అవన్నీ కలిసి చేసిన పని ఒక్కటే: నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టాయి. వాటిని ఇక్కడ వరసగా పెడుతున్నాను. మీ సంఘంలో ఎవరైనా చెబితే గుర్తుపట్టండి. మీరే చెబుతుంటే ఈ ఆదివారం నుంచి మానేయండి.

సలహా 1: "పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు. మన అయ్యగారు కూడా ఏదో ఒక పని చూసుకుంటే సంఘం మీద భారం ఉండదు."

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది ఇదే. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం మూడో వచనం దీనికి ఆధారం. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు. నిజమే. కానీ అక్కడే ఆగకుండా ఐదో వచనం దాకా చదవండి. మాసిదోనియ నుంచి సీల, తిమోతి వచ్చాక పౌలు పూర్తిగా వాక్యపరిచర్యలో పడ్డాడు. వాళ్ల రాకతో ఏం మారిందో 2 కొరింథీయులు 11వ అధ్యాయం చెబుతుంది. మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులు ఆయన అవసరం తీర్చారు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చివర్లో పౌలు ఆ సంఘాన్ని పేరుపెట్టి మెచ్చుకున్నాడు. తాను థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా వాళ్లు ఒకటికి రెండుసార్లు పంపారని తలుచుకున్నాడు. కానుక అందిన రోజున పౌలు సూది పక్కన పెట్టి వాక్యం పట్టుకున్నాడన్నమాట.

ఇక 1 కొరింథీయులు 9వ అధ్యాయం తీయండి. పౌలు ఒక వకీలులా వాదిస్తాడు. సైనికుడు సొంత ఖర్చుతో యుద్ధానికి పోతాడా? తోట నాటినవాడు దాని పండు తినడా? మందను కాసేవాడు పాలు తాగడా? తర్వాత ఎద్దు మాట, దున్నేవాడి ఆశ, ఆలయంలో సేవ చేసేవారి తిండి. చివరికి పద్నాలుగో వచనంలో ఇది ప్రభువే పెట్టిన ఏర్పాటని ముగిస్తాడు. ఇంత వాదించి ఆ హక్కును తాను వాడుకోలేదంటాడు. లేని హక్కును ఎవరూ వదులుకోలేరు. వదులుకునే స్వేచ్ఛ పౌలుది. ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ కొరింథు సంఘానికి లేదు. అందుకే రెండో పత్రిక 12వ అధ్యాయంలో, వాళ్ల మీద భారం మోపకపోవడం తన తప్పయితే క్షమించమని అడిగాడు.

అయ్యగారు ఇష్టపడి బడిలో పాఠాలు చెప్పుకుంటే, కుట్టుమిషను పెట్టుకుంటే, ఆటో నడుపుకుంటే అది గౌరవమైన పని. ఆ నిర్ణయం ఆయన నోటినుంచి రావాలి. కమిటీ తీర్మానంగా రాకూడదు.

సలహా 2: "ఉచితంగా పొందినవాడు ఉచితంగానే ఇవ్వాలి. వాక్యానికి వెల కడతామా?"

మత్తయి 10వ అధ్యాయం ఎనిమిదో వచనం నుంచి ఈ సలహా వస్తుంది. రోగులను బాగుచేయడానికి, దయ్యాలను వెళ్లగొట్టడానికి వెల పెట్టకూడదని ప్రభువు శిష్యులకు చెప్పాడు. అదే ఊపిరిలో సంచీ, బంగారం, వెండి, రెండో అంగీ తీసుకెళ్లవద్దన్నాడు. ఎందుకని? పనివాడికి తిండి పెట్టాల్సింది ఆ పని అందుకున్నవాళ్లే కాబట్టి. ఆ మాట పదో వచనంలోనే ఉంది. లూకా 10వ అధ్యాయంలో తిండికి బదులు జీతం అనే మాటే వాడాడు.

కాబట్టి ప్రార్థనకు ఇంతని రేటు పెట్టే సేవకుడు ఎనిమిదో వచనాన్ని తప్పాడు. సేవకుణ్ణి ఆకలితో పంపే సంఘం పదో వచనాన్ని తప్పింది. రెండు వచనాల మధ్య వేలెడంత దూరం కూడా లేదు.

ఇంకో సంగతి మరిచిపోవద్దు. ఐదు వేలమందికి రొట్టెలు పంచినవాడు తన తిండి కోసం రాళ్లను రొట్టెలు చేసుకోలేదు. మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమ ఆస్తిలోంచి ఆయనకూ శిష్యులకూ ఖర్చు పెట్టారని లూకా 8వ అధ్యాయం చెబుతుంది. ప్రభువే ఆ పోషణను అంగీకరించాడు. దాన్ని చిన్నచూపు చూడడానికి మనం ఎవరం?

సలహా 3: "ఏటా సన్మానం చేస్తున్నాం కదా."

పుట్టినరోజుకు శాలువా, దండ, ఫ్లెక్సీ, కేకు. ఆరోజు అందరూ ఫొటో దిగుతారు. శాలువాలు పాస్టరమ్మ గారి బీరువాలో మడతలు పడి ఉంటాయి. పిల్లాడి స్కూలు ఫీజు మాత్రం మూడో గడువు దాటిపోతుంది.

1 తిమోతి 5వ అధ్యాయం పదిహేడో వచనంలో బాగా పాలించే పెద్దలు, ముఖ్యంగా వాక్యంలోనూ బోధలోనూ కష్టపడేవారు, రెట్టింపు సన్మానానికి తగినవారని పౌలు రాశాడు. అక్కడి గ్రీకు మాట 'టిమే'. దానికి గౌరవం అని, వెల అని రెండు అర్థాలూ ఉన్నాయి. మత్తయి 27లో యూదా తిరిగి పారేసిన వెండి నాణేలను రక్తపు వెల అన్నప్పుడు వాడింది ఆ మాటనే. పౌలు ఏ అర్థంలో వాడాడో తర్వాతి వచనమే తేల్చేస్తుంది. అక్కడ సాక్ష్యంగా పిలిచింది దండలను కాదు, నూర్చే ఎద్దునూ జీతానికి తగిన పనివాణ్ణీ. అదే అధ్యాయం మూడో వచనంలో విధవరాండ్రను సన్మానించమన్నప్పుడు కూడా ఉద్దేశం వాళ్ల పోషణే. పదహారో వచనం దాకా చదివితే అనుమానం మిగలదు.

శాలువా కప్పండి. అదే రోజున ఆరోగ్య బీమా ప్రీమియం రసీదు కూడా చేతిలో పెట్టండి.

సలహా 4: "ముందు గుడికి స్లాబు పడనివ్వండి. ఆ తర్వాత అయ్యగారి సంగతి చూద్దాం."

ఇది నా సలహా. మీటింగులో గట్టిగా చెప్పాను, అందరూ తలూపారు. స్లాబు పడింది, తర్వాత టైల్స్ పడ్డాయి, తర్వాత సౌండ్ సిస్టం వచ్చింది. మూడేళ్లపాటు అయ్యగారి జీతంలో ఒక్క రూపాయి పెరగలేదు.

నెహెమ్యా 13వ అధ్యాయం నన్ను పట్టుకుంది. యెరూషలేములో ఆలయం నిలబడి ఉంది, గోడ పూర్తయింది, ప్రతిష్ఠ జరిగింది. దేవుని మందిరాన్ని విడిచిపెట్టం అని జనం 10వ అధ్యాయంలో ప్రమాణం చేసి ముద్రలు వేశారు. గోడ కట్టించిన నెహెమ్యా తన రాజు దగ్గరకు వెళ్లి తిరిగి వచ్చేసరికి లేవీయులు లేరు. పాటలు పాడేవాళ్లు లేరు. వాళ్లకు రావాల్సిన భాగాలు అందక ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. ధాన్యం, దశమభాగాలు పెట్టే గదిని యాజకుడు ఎల్యాషీబు టోబీయాకు ఇచ్చేశాడు. టోబీయా ఆ గోడ కట్టనివ్వకుండా అడ్డుపడినవాడే. గది ఖాళీగా ఉంది కాబట్టే అతని సామాను పట్టింది.

నెహెమ్యా లేవీయులను పిలిచి, సేవ వదిలి పొలానికి ఎందుకు పోయారని గద్దించలేదు. ముందు టోబీయా సామాను బయట పారవేయించి, తర్వాత అధికారులను నిలదీశాడు. లేవీయులను వాళ్ల స్థానాల్లో నిలబెట్టాడు. అప్పుడు యూదా జనం ధాన్యం, ద్రాక్షారసం, నూనె తెచ్చారు. క్రమం అది.

మీ బడ్జెట్‌లో మొదటి పద్దు సేవకుని కుటుంబం కావాలి. రెండోది పేదలు. స్లాబు ఆ తర్వాత వేసినా కూలిపోదు.

సలహా 5: "ఆయన విశ్వాస సేవకుడు. నెలనెలా ఇస్తే విశ్వాసం చచ్చిపోతుంది."

గోదావరి జిల్లాల్లో ఈ మాటకు లోతైన వేర్లున్నాయి. 1830లో ఇంగ్లండ్‌లోని టిన్‌మత్‌లో పాస్టరుగా ఉన్న జార్జి ముల్లర్ తనకు వచ్చే స్థిరమైన జీతాన్ని వదులుకున్నాడు. ఆ రోజుల్లో చర్చిలో కూర్చునే బల్లలకు అద్దె వసూలుచేసి పాస్టరుకు జీతం ఇచ్చేవారు. డబ్బున్నవాడికి మంచి చోటు, లేనివాడికి మూల. యాకోబు పత్రిక 2వ అధ్యాయానికి అది విరుద్ధమని ఆయన మనసు ఒప్పుకోలేదు. ముల్లర్ బావమరిది వరస అయిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అదే పద్ధతిలో నడిచాడు. ఆయన 1836లో వెంటబెట్టుకుని వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో చేసిన సేవే గోదావరి డెల్టా మిషన్ అయింది. తర్వాతి కాలంలో హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా భక్త సింగ్ కట్టిన సంఘాల్లోనూ సేవకులు జీతం మాట్లాడుకోకుండానే పనిచేశారు. వాళ్ల విశ్వాసం ముందు తల వంచుతాను.

కానీ ముల్లర్ వదులుకున్నది బల్లల అద్దెను. విశ్వాసులు ఇవ్వడం మానాలని ఆయన అనలేదు. ఇష్టపూర్వకంగా ఇచ్చేవారి కోసం చర్చిలో పెట్టె పెట్టించాడు. దేవుని మీద ఆధారపడతానని సేవకుడు అన్నప్పుడు దేవుడు జవాబు పంపేది ఎవరి చేతుల్లోంచి? ఏలీయాకు కాకులు ఎంతోకాలం తేలేదు. వాగు ఎండిపోయాక దేవుడు అతణ్ణి సారెపతులో ఒక విధవరాలి ఇంటికి పంపాడు. సేవకుడిది విశ్వాసమైతే మనది నమ్మకత్వం. ఆయన విశ్వాసాన్ని మన పిసినారితనానికి ముసుగుగా కప్పుకోకూడదు.

జీతం అనే మాట మీ సంఘానికి ఇబ్బందైతే ఆ మాట వాడకండి. ప్రతి నెలా ఒకే తేదీన ఒక కవరు మాత్రం చేరాలి. కిరాణా కొట్టువాడికి తేదీ కావాలి కదా.

సలహా 6: "ఇచ్చేది మనమైనప్పుడు ఆయన మన మాట వినాలి. వినకపోతే కానుక ఆపేయండి, దారికొస్తాడు."

న్యాయాధిపతులు 17వ అధ్యాయంలో మీకా అనే మనిషి ఒక లేవీ యువకుణ్ణి ఇంట్లో పెట్టుకున్నాడు. ఏడాదికి పది వెండి నాణేలు, ఒక జత బట్టలు, తిండి. తన సొంత విగ్రహాల దగ్గర నిలబెట్టి, తనకు యాజకుడు దొరికాడు కాబట్టి దేవుడు మేలు చేస్తాడని సంతోషపడ్డాడు. తర్వాతి అధ్యాయంలో దాను గోత్రం వాళ్లు వచ్చి ఒక ఇంటివాడికి బదులు ఒక గోత్రానికే యాజకుడివి కమ్మన్నారు. లేవీయుడు సంతోషంగా వెళ్లిపోయాడు, విగ్రహాలు కూడా పట్టుకుపోయాడు. కొనుక్కున్న యాజకుణ్ణి ఇంకొకరు ఎక్కువకు కొంటారు.

మన తాతలకు కళ్లం దగ్గర నిలబడడం తెలుసు. ఏడాదంతా చెప్పుల పని, మోట పని, చేను పని చేసి, నూర్పిళ్లనాడు ఆసామి కొలిచే మేర కోసం చెంగు పట్టుకుని నిలబడ్డారు. అది వాళ్ల కష్టానికి దక్కాల్సిన భాగం. ఆసామి దాన్ని దయలా కొలిచాడు, కోపం వస్తే తగ్గించాడు. ఆ అవమానం మింగిన ఇళ్లలోంచే మన సంఘాలు ఎక్కువగా పుట్టాయి. అలాంటి మనం సేవకుణ్ణి మన గడపలో చెంగు పట్టించి నిలబెట్టకూడదు.

గలతీయులు 6:6 బోధించేవాడితో కాదు, నేర్చుకునేవాడితో మాట్లాడుతుంది. నీకున్న మేలైన వాటన్నిటిలో నీకు నేర్పేవాణ్ణి భాగస్వామిని చేసుకో అంటుంది. భాగస్తుడు నౌకరు కాదు, బిచ్చగాడూ కాదు. బోధలో తప్పుంటే ముఖాముఖి మాట్లాడండి. 1 తిమోతి 5:19 చెప్పినట్టు సాక్షులతో తేల్చండి. అతని పిల్లల అన్నం గిన్నెతో మాత్రం మాట్లాడకండి.

సలహా 7: "శాపం అని చెబితేనే జనం ఇస్తారు. గట్టిగా చెప్పండి అయ్యగారూ."

ఇది సేవకులకు వెళ్లే సలహా. మలాకీ 3వ అధ్యాయం తీసి దశమభాగం ఇవ్వనివాడి ఇంట్లో రోగం, పంటకు తెగులు అని భయపెట్టడం ఒక వైపు. వెయ్యి వేస్తే లక్ష వస్తుందని ఆశపెట్టడం ఇంకో వైపు.

మలాకీ చెప్పిన మందిరపు నిధి నెహెమ్యా చూసిన ఖాళీ గది లాంటిదే. లేవీయులకు, యాజకులకు తిండి ఉండాలని పెట్టిన ధాన్యపు కొట్టు అది. జనాన్ని గద్దించకముందు 1, 2 అధ్యాయాల్లో మలాకీ యాజకులనే గద్దించాడు. ఆ రెండు అధ్యాయాలు దాటేసి మూడోది చదవడం న్యాయం కాదు. దశమభాగం తీసుకున్న లేవీయుడు కూడా అందులో పదో వంతు ఇవ్వాలని సంఖ్యాకాండము 18 చెబుతుంది. తీసుకునేవాడు ఇచ్చేవాడు కూడా.

విత్తనం, పంట గురించిన 2 కొరింథీయులు 9వ అధ్యాయాన్ని కూడా నిజాయితీగా చదువుకోవాలి. పౌలు అక్కడ పోగుచేస్తున్నది తన కోసం కాదు, యెరూషలేములోని బీద పరిశుద్ధుల కోసం. సణుక్కుంటూ, బలవంతంగా ఇవ్వవద్దన్నదీ అక్కడే. పేదల కోసం చెప్పిన వాక్యాన్ని కారు కోసం వాడితే పేదల దగ్గర దొంగిలించినట్టే.

తొలి సంఘాలు ఈ ప్రమాదాన్ని ముందే చూశాయి. డిడాకే అనే ప్రాచీన క్రైస్తవ బోధనా గ్రంథం, డబ్బు అడిగే ప్రవక్తను అబద్ధ ప్రవక్తగా గుర్తించమని హెచ్చరించింది. అదే గ్రంథం, మీ మధ్య స్థిరపడాలనుకునే నిజమైన ప్రవక్త తిండికి తగినవాడని, మీ పంటలో ప్రథమ ఫలం అతనికివ్వమని కూడా చెప్పింది. ఒకే చేత్తో రెండూ రాశారు. దొంగ కాపరి ఉన్నాడని మంచి కాపరిని మాడ్చకూడదు.

అయ్యగారూ, మీ అవసరం సంఘపెద్దలకు నేరుగా, అంకెలతో చెప్పండి. ప్రసంగ వేదిక మీద నుంచి శాపంగా చెప్పకండి.

సలహా 8: "లెక్కలు అడిగితే అభిషిక్తుడి మీద చేయి వేసినట్టే."

పౌలు కంటే పెద్ద అభిషిక్తుడు మన ఊళ్లో ఉన్నాడా? కానుకల డబ్బు విషయంలో ఎవరూ తన మీద తప్పు మోపకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండాలని, సంఘాలు ఏర్పరచిన సహోదరులతో కలిపి ఆ డబ్బు పంపాడు. 2 కొరింథీయులు 8వ అధ్యాయం చదవండి. నెహెమ్యా కూడా ఒక్కడి చేతిలో నిధి పెట్టలేదు. యాజకుడైన షెలెమ్యా, శాస్త్రి సాదోకు, లేవీయుడు పెదాయా, వాళ్లకు తోడుగా హానాను. నమ్మకస్తులని పేరున్నవాళ్లను చూసి ఏర్పరచాడు.

కానుక లెక్కపెట్టేటప్పుడు ముగ్గురు ఉండాలి. పుస్తకంలో ముగ్గురి సంతకాలు ఉండాలి. అయ్యగారికి ఇచ్చేది బ్యాంకు ద్వారా ఇవ్వాలి. మూణ్ణెల్లకోసారి సంఘం ముందు చదవాలి. లెక్క శుభ్రంగా ఉన్న సంఘంలో కాపరి మీద నింద పడదు. ఆయనకు మనం కట్టే గోడ అది.

సలహా 9: "ప్రభుత్వం ఇస్తోంది, ఫారిన్ నుంచి వస్తుంది. మనమెందుకు?"

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పథకం తెచ్చింది. అర్హత ఉన్నవారు తీసుకుంటే తప్పు లేదు. విదేశీ డబ్బుకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. 2020 సవరణతో ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేసే వీలు పోయింది. పెద్ద సంస్థ నుంచి పల్లె సేవకుల దాకా పారిన చాలా కాలవలు అక్కడ ఆగాయి.

ప్రభుత్వాలు మారతాయి, చట్టాలు మారతాయి. గలతీయులు 6:6 మారదు. నేర్చుకునేవాడు ఢిల్లీలోనూ లేడు, డల్లాస్‌లోనూ లేడు. ఆదివారం నీ పక్కన కూర్చున్నవాడే.

సలహా 10: "మనం కూలోళ్లం. మనవల్ల ఏమవుతుంది?"

ఈ సలహా వినయంలా వినిపిస్తుంది. అందుకే దీన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల నిర్వహణతో సువార్త సాగాలన్నది వాళ్ల పట్టుదల. వాళ్లు పంపిన సేవకులు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి వచ్చారు. ఆ సంస్థ పెట్టినవాళ్లలో ఒకరైన వి.ఎస్. అజరయ్య డోర్నకల్‌కు వచ్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తెలుగు పల్లెలకు సువార్త తమిళ విశ్వాసుల కానుకల మీద కూడా నడిచి వచ్చిందని మనం గుర్తుపెట్టుకోవాలి. అజరయ్య గారు తెలుగు సంఘాలకు ఇవ్వడం నేర్పారు. క్రైస్తవ దాతృత్వం మీద పుస్తకమే రాశారు.

మిజోరం ఆడవాళ్లు 1910లో మొదలుపెట్టిన అలవాటు ఇంకా నడుస్తోంది. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. దాన్ని పోగుచేసి అమ్మితే వచ్చిన డబ్బు సేవకులకు, సువార్తకు వెళుతుంది. మన స్త్రీల సమాజాలకూ పిడికెడు బియ్యం కొత్త మాట కాదు. కొన్ని ఊళ్లలో ఆ డబ్బా ఇప్పటికీ పొయ్యి పక్కన ఉంది, కొన్ని ఊళ్లలో అటక ఎక్కింది. దింపండి.

1 కొరింథీయులు 16:2 చెప్పిన పద్ధతి ఒక్క వాక్యంలో సరిపోతుంది: వారం మొదటి రోజున, ప్రతి ఒక్కరూ, తమకు దొరికినదాన్ని బట్టి. అది బీదల కోసం చెప్పిందే అయినా క్రమం నేర్పుతుంది. నలభై కుటుంబాలు నెలకు చెరో మూడు వందలు క్రమంగా ఇస్తే పన్నెండు వేలు. కూలోళ్ల సంఘం కాపరిని పోషించగలదు. క్రమం ఉండాలి.

సలహా 11: "ఆయన తర్వాత వాళ్ల కుటుంబాన్ని దేవుడే చూసుకుంటాడు."

మా సంఘంలో ఒక అయ్యగారు సేవలో ఉండగానే చనిపోయారు. తర్వాతి అయ్యగారు రావాలి కాబట్టి, నెలలోపు క్వార్టర్స్ ఖాళీ చేయాలని కమిటీ ఉత్తరం రాసింది. దాని మీద సంతకం నాది. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. పాస్టరమ్మ గారు చదివి, అద్దె ఇల్లు దొరికేదాకా బియ్యం డ్రమ్ము, అయ్యగారి పుస్తకాల పెట్టె ఒక్క వారం వరండాలో ఉంచుకోవచ్చా అని అడిగారు. దేవుడే చూసుకుంటాడమ్మా అని చెప్పి వచ్చేశాను.

2 రాజులు 4వ అధ్యాయం మొదటి వచనం నేను ఎన్నిసార్లు చదివి ఉంటాను! ప్రవక్తల శిష్యుల్లో ఒకడు చనిపోయాడు. దేవునికి భయపడిన మనిషి. అప్పులవాడు అతని ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చి నిలబడ్డాడు. ఆ తల్లి ఎలీషాకు మొరపెట్టింది. దేవుడే చూసుకుంటాడని ఎలీషా ఆమెను పంపేయలేదు. నీకు నేనేం చేయాలి, నీ ఇంట్లో ఏముందని అడిగాడు. పొరుగిళ్ల పాత్రలు తెప్పించి, ఆమె ఇంట్లో ఉన్న కొద్దిపాటి నూనెతోనే వాటిని నింపించాడు. ఆ నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో ఆమె, పిల్లలు బతకాలని చెప్పాడు. అప్పు గురించి ఆలోచించాడు, రేపటి గురించి కూడా ఆలోచించాడు. ఇశ్రాయేలు దేశంలో లేవీయుడికి భూమి భాగం లేదు. మన అయ్యగార్లలో చాలామందికి కూడా సెంటు భూమి లేదు. సంఘం ఇల్లు పోతే తల దాచుకునే చోటు లేదు.

మేం ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. అయ్యగారి పేరున పదిహేనేళ్ల పీపీఎఫ్ ఖాతా తెరిచి సంఘం నెలనెలా కొంత వేస్తోంది. నామినీగా పాస్టరమ్మ గారు ఉన్నారు. కుటుంబమంతటికీ ఆరోగ్య బీమా ఉంది. సేవకుడు చనిపోతే కుటుంబం ఏడాదిపాటు క్వార్టర్స్‌లోనే ఉండవచ్చని తీర్మానం రాసుకున్నాం. ఆ తీర్మానం మీద కూడా సంతకం నాదే. మొదటి ఉత్తరాన్ని అది చెరపలేదు. ఆ పాస్టరమ్మ గారి ఇంటికి ప్రతి నెలా మొదటి వారంలో నేనే కవరు తీసుకెళతాను. మొదటిసారి ఆమె కవరు తెరవకుండా, ఇది దేనికి బాబూ అని అడిగారు.

అయ్యగారి భాగం అమ్మా, ఆలస్యమైంది అని చెప్పాను.